హైదరాబాద్ పేరు మోసిన బాంబర్లు – విల్‌హెల్మ్స్‌హాఫెన్ దాడి, దాని స్మరణ

ఉపోద్ఘాతం:

బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించిన మరునాడు, 1939 సెప్టెంబరు 4న, ఇంగ్లండులోని వాటిషమ్ విమానకేంద్రం నుంచి పది బ్లెన్‌హైమ్ బాంబర్లు బయలుదేరాయి. వాటి గమ్యం జర్మనీ ఉత్తర తీరంలోని విల్‌హెల్మ్స్‌హాఫెన్ నౌకాస్థావరం. ఆ పదింటిలో ఐదు తిరిగి రాలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ జరిపిన మొట్టమొదటి బాంబుదాడి అది. ఆ దాడికి ముందు నడిచిన ఐదు విమానాలు ‘110 (హైదరాబాద్) స్క్వాడ్రన్’కు చెందినవి.

ఆంగ్ల యుద్ధచరిత్రలలో ఈ పేరు తరచుగా కనిపిస్తుంది. కుండలీకరణంలో ఉన్న ‘హైదరాబాద్’ ఏ ఊరు, ఏ రాజ్యం, ఆ పేరు అక్కడికి ఎందుకు చేరింది అన్న ప్రశ్నకు మాత్రం అవి ఒక వాక్యానికి మించి చోటివ్వవు. తెలుగులో వెలువడిన నిజాం పాలనాచరిత్రల తీరు దీనికి తలకిందులు. వాటిలో విమానదానం ఏడవ నిజాం దాతృత్వాల పట్టికలో ఒక అంశంగా వచ్చి పోతుంది. ఆ విమానాలలో ఎక్కినవారు ఎవరు, ఏమయ్యారు అన్నది రాదు. ఒకచోట మనుషులున్నారు, పేరుకు అర్థం లేదు. మరొకచోట పేరుంది, మనుషులు లేరు. ఈ రెండు కథనాలనూ పక్కపక్కన ఉంచి చదవడం, ఆ చదువులో తెలుగు ప్రాంతాల యుద్ధకాల అనుభవానికి ఏ చోటు దక్కుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేరు ఎలా వచ్చింది:

110వ స్క్వాడ్రన్ మొదటి ప్రపంచయుద్ధం నడుమ, 1917 నవంబరు 1న ఏర్పడింది. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు చేరి, జర్మన్ నగరాలపై దూరదాడుల కోసం ట్రెంచార్డ్ ఆధిపత్యంలో ఏర్పాటైన ‘ఇండిపెండెంట్ ఫోర్స్’లో భాగమైంది. దానికి ఇచ్చినవి అప్పటికి సరికొత్తవైన డి.హెచ్.9ఎ రకం విమానాలు. రెండు రెక్కల దొంతర, నాలుగు వందల అశ్వశక్తి గల అమెరికన్ లిబర్టీ యంత్రం, ఇద్దరు మనుషులు. ముందు చోదకుడు, వెనుక తుపాకీ పట్టుకున్న పరిశీలకుడు. ఈ దళానికి అందిన తొలి విమానాలు హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కానుక. కానుక ఇచ్చినది నిజాం అని ప్రతి విమానం మీదా రాయించారు. ఆ రాతే దళానికి పేరైంది.

దానం వెనుక రాజకీయం తేటతెల్లం. బ్రిటన్ ఆనాడు తుర్కీ ఖలీఫా మీద కూడా యుద్ధం చేస్తున్నది. భారతదేశపు ముస్లిం ప్రజల మనోగతం పట్ల ఆంగ్ల ప్రభుత్వానికి గుబులుండేది. ఆ సమయంలో దేశంలోకెల్లా పెద్ద సంస్థానానికి అధిపతి అయిన ముస్లిం ప్రభువు 1914లోనే బ్రిటిష్ పక్షాన నిలవాలని బహిరంగంగా చాటాడు. సైన్యాన్ని, ధనాన్ని, చివరకు విమానాలను ఇచ్చాడు. యుద్ధం ముగిసే కాలానికి ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ బిరుదు, ‘బ్రిటిష్ ప్రభుత్వానికి విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అన్న హోదా ఆయనకు దక్కాయి.

1918 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఈ దళం మాన్‌హైమ్, ఫ్రాంక్‌ఫర్ట్ వంటి నగరాలపైకి పగటి దాడులు చేసింది. నష్టం తీవ్రం. సెప్టెంబరు 25న ఫ్రాంక్‌ఫర్ట్ దాడిలో నాలుగు, అక్టోబరు 21న ఒక్కరోజే ఏడు విమానాలు తిరిగి రాలేదు. పోరాడినది రెండున్నర నెలలే.

అవే నెలలను ఇటువైపు నుంచి కూడా చూడవలసి ఉంది. 1918లో నైరుతి రుతుపవనం దేశవ్యాప్తంగా విఫలమైంది. దక్కను కరవు కోరల్లో ఉంది. దాని మీద ఇన్‌ఫ్లూయెంజా వచ్చి పడింది. ఆ మహమ్మారి భారతదేశంలో అత్యధికంగా ప్రాణాలు తీసినది సరిగ్గా ఆ సెప్టెంబరు–నవంబరు మధ్యనే. విమానాలకు వెచ్చించిన ధనం దివానీ ఖజానా నుంచి వచ్చినా, ప్రభువు సొంత ఆస్తి అయిన సర్ఫ్-ఎ-ఖాస్ నుంచి వచ్చినా, రెండింటికీ మూలం భూమి శిస్తే. ఆ శిస్తు కట్టినవారిలో తెలంగాణా జిల్లాల తెలుగు రైతులు, మరాట్వాడా రైతులు, కన్నడ జిల్లాల రైతులు ఉన్నారు. దాత పేరు చెక్కిన చోట వీరికి తావు ఉండదు. ఇది ప్రతి రాజదానం విషయంలోనూ చెప్పగల మాటే కనుక దీనిని ఆరోపణగా కాక లెక్కగా గ్రహించడం మేలు.

దళాన్ని 1919లో రద్దుచేసి, 1937లో పునరుద్ధరించారు. పేరు కూడా తిరిగి వచ్చింది. దాని చిహ్నంలో నిజాం రాజచిహ్నానికి సంబంధించిన అర్ధవ్యాఘ్రం ఉంది. దాని కింద లాటిన్ నినాదం. భయపడను, తృణీకరించను అని ఆ మాటలకు అర్థం.

1939 సెప్టెంబరు 4:

సెప్టెంబరు 3 మధ్యాహ్నం, యుద్ధప్రకటన వెలువడిన నిమిషాల్లోనే, 139వ స్క్వాడ్రన్‌కు చెందిన ఆండ్రూ మెక్‌ఫర్సన్ ఒక బ్లెన్‌హైమ్‌లో జర్మన్ తీరం మీదికి వెళ్ళాడు. విల్‌హెల్మ్స్‌హాఫెన్ నుంచి జర్మన్ యుద్ధనౌకలు బయటికి వస్తుండడం చూశాడు, ఛాయాచిత్రాలు తీశాడు. కానీ అంత ఎత్తులోని చలికి రేడియోయంత్రం గడ్డకట్టి పనిచేయలేదు. అతడు తిరిగివచ్చి చెప్పేసరికి పొద్దు వాలింది. మరునాడు మళ్ళీ వెళ్ళాడు. ఈసారి మబ్బు దట్టంగా ఉండి చాలా కిందికి దిగవలసి వచ్చింది. రేడియోలో పంపిన కబురు సగం అర్థమై సగం కాలేదు. దాడి నిర్ణయం ఆయన దిగేదాకా ఆగింది.

అప్పటికే విమానాలకు బాంబులు కట్టి ఉన్నాయి. వాతావరణం చూసి వాటిని మార్చవలసి వచ్చింది. ఈ మార్పు సాంకేతికమైనదే అయినా దాడి ఫలితమంతా దీని మీదనే ఆధారపడింది. యుద్ధనౌక పైతలం దళసరి ఉక్కుకవచం. దాన్ని ఛేదించాలంటే బాంబు చాలా ఎత్తు నుంచి పడి వేగం పుంజుకోవాలి. మబ్బులు కిందికి వాలి ఉన్నందున ఎత్తు నుంచి గురిచూడడం అసాధ్యం. కనుక 500 పౌండ్ల, అంటే సుమారు 227 కిలోల, సాధారణరకం బాంబులను తెచ్చి, తగిలిన 11 సెకండ్ల తరువాత పేలే ఫ్యూజులు అమర్చారు. తక్కువ ఎత్తు నుంచి విడిచిన బాంబు తగలగానే పేలితే దాన్ని విడిచిన విమానమే ఆ పేలుడులో చిక్కుకుంటుంది, ఆలస్యం అందుకోసం. అయితే ఈ ఆలస్యం మరొక నియమాన్ని తెచ్చిపెట్టింది. మొదటి విమానం బాంబు విడిచిన 11 సెకండ్లలోపు మిగిలినవి కూడా తమ పని ముగించాలి. లేకపోతే వెనుకవచ్చే విమానం ముందున్నవాడి బాంబుకు బలి అవుతుంది.

పై నుంచి వచ్చిన ఆజ్ఞ మరొకటి ఉంది. యుద్ధనౌకలు తప్ప మరేదీ గురి కాకూడదు. తీరం మీద పౌరులకు హాని కలగకూడదు. 1943 తరువాతి జర్మన్ నగరాల స్థితి తెలిసిన పాఠకునికి ఈ ఆజ్ఞ వింతగా తోచవచ్చు. యుద్ధం రెండవరోజున మాత్రం అది నిజమైన ఆజ్ఞే.

110వ దళపు ఐదు విమానాలకు నాయకుడు ఫ్లయిట్ లెఫ్టినెంట్ కెనెత్ డోరన్. వాటిషమ్‌లోనే ఉన్న 107వ స్క్వాడ్రన్ నుంచి మరో ఐదు. 139వ స్క్వాడ్రన్ పంపిన ఐదు విమానాలు లక్ష్యాన్ని కనుగొనలేక వెనుదిరిగాయి. ప్రతి బ్లెన్‌హైమ్‌లోనూ చోదకుడు, దారి చూసే పరిశీలకుడు, రేడియో–తుపాకీ రెండూ చూసే మూడవవాడు ఉంటారు. ఉత్తర సముద్రం మీద వాన, మబ్బు. డోరన్ దళం నీటికి దగ్గరగా, లెక్క మీద ఆధారపడి సాగింది. తీరం దగ్గరపడేసరికి మబ్బు కొద్దిగా పైకి లేచి, 500 అడుగుల మేర కింద తెరిపి కనిపించింది. ఆ తెరిపిలో ‘అడ్మిరల్ షేర్’ అనే యుద్ధనౌక లంగరు వేసి ఉంది. పక్కన సరుకులు అందించే పడవలు. నౌక మీద తీగకు బట్టలు ఆరవేసి ఉండడం కూడా కనిపించిందని డోరన్ తరువాత చెప్పాడు. ఆ బట్టల మాట దాదాపు ప్రతి కథనంలోనూ మిగిలింది. యుద్ధచరిత్ర ఎంత పెద్దదైనా అందులో నమ్మదగినట్టు అనిపించేవి ఇటువంటి చిన్న వివరాలే.

నావికులు తేరుకునేలోపే డోరన్ విమానం నౌక మీదుగా సాగింది. తరువాతి విమానాలూ వెన్నంటాయి. కనీసం మూడు బాంబులు షేర్ నౌకకు తగిలాయి. ఒక్కటీ పేలలేదు. అంత తక్కువ ఎత్తు నుంచి పడిన బాంబులకు కవచాన్ని చీల్చే వేగం లేదు. కొన్ని ఉక్కుతలం మీద ఎగిరి నీటిలో పడ్డాయి.

జర్మన్ తుపాకులు అప్పటికి మేలుకున్నాయి. 110వ దళం ఒక విమానాన్ని కోల్పోయింది. వెనుక వచ్చిన 107వ దళానికి పట్టిన గతి వేరు. అకస్మాత్తుగా పడడం అన్న అనుకూలత వారికి మిగలలేదు. ఐదింటిలో నాలుగు కూలిపోయాయి. తిరిగి వచ్చిన ఒక్కటీ లక్ష్యాన్ని చూడనిది. ఆ నాలుగు విమానాల మనుషులలో ప్రాణాలతో మిగిలిన సార్జెంట్ జార్జ్ బూత్, లారీ స్లాటరీలు ఆ యుద్ధంలో జర్మనీకి చిక్కిన తొలి బ్రిటిష్ వైమానిక బందీలు.

110వ దళం కోల్పోయిన విమానంలోని చోదకుని పేరు హెన్రీ ఎమ్డెన్. ఆ సాయంత్రం ఒక బ్లెన్‌హైమ్ ‘ఎమ్డెన్’ అనే జర్మన్ క్రూజరు మీద కూలి దానిలోని నావికులు కొందరు మరణించారు. ఆ విమానం హెన్రీ ఎమ్డెన్‌దేనని చరిత్రకారులు చెబుతారు. పేర్ల ఈ కలయికను ఎవరైనా కథలో రాస్తే విమర్శకులు కల్పన శ్రుతిమించిందని తప్పుపట్టేవారు.

దక్షిణాది పాఠకునికి ఎమ్డెన్ కొత్త పేరు కాదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు తీరానికి వచ్చి చమురు తొట్ల మీద ఫిరంగులు పేల్చిన నౌక తొలి ఎమ్డెన్. అది ఆ నవంబరులోనే కోకోస్ దీవుల దగ్గర నశించింది. 1939లో విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో ఉన్నది దాని స్మారకంగా పేరుపెట్టిన నౌక. తమిళంలో ఎమ్డెన్ అంటే గట్టిపిండం, తిరుగులేనివాడు అన్న అర్థంలో నుడికారమే స్థిరపడింది. మద్రాసు హైకోర్టు ప్రాంగణంలో ఆనాటి గుండు పడిన చోట ఫలకం ఉంది. ఒక్క రాత్రి భయపెట్టి వెళ్ళిన శత్రునౌక పేరు నూరేళ్ళు ప్రజల నోట నిలిచింది. తమ రాజ్యం పేరు మోసుకుని పోయి కూలిన విమానాలు ఏ నుడికారానికీ ఎక్కలేదు. జనస్మృతికి తాను స్వయంగా విన్న చప్పుడే ప్రమాణమని దీన్నిబట్టి అనుకోవలసి వస్తుంది.

సాహసమా, వైఫల్యమా:

అదే రోజున వెల్లింగ్టన్ బాంబర్లు బ్రూన్స్‌బ్యూటెల్ వైపు వెళ్ళాయి. వాటిలో రెండు కూలాయి. ఆ రోజు దారితప్పిన ఒక విమానం నుంచి తటస్థదేశమైన డెన్మార్కులోని ఎస్బియర్గ్ పట్టణం మీద బాంబులు పడి పౌరప్రాణనష్టం జరిగింది. పౌరులకు హాని చేయవద్దన్న ఆజ్ఞతో మొదలైన దినం ఇలా ముగిసింది. మొత్తం ఏడు విమానాలు పోయాయి. షేర్ నౌక పెద్దగా దెబ్బతినలేదు. ఎమ్డెన్ నౌకకు కలిగిన నష్టం కూడా కూలిన విమానం వల్ల వచ్చినదే.

అయినా బ్రిటన్‌లో ఇది విజయంగానే ప్రచారమైంది. నవంబరు 2న ఆరవ జార్జి రాజు స్వయంగా డోరన్‌కు, మెక్‌ఫర్సన్‌కు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకాలు అలంకరించాడు. ఆ యుద్ధంలో ఆ పతకం పొందిన తొలివారు వీరే. డోరన్ సాహసంలో లోపమేమీ లేదు. లోపం బాంబులో, ఫ్యూజులో, పగటి వెలుగులో కాపలా విమానాలు లేకుండా పంపిన ప్రణాళికలో ఉంది. పతకం మనిషికి ఇవ్వవచ్చు. ప్రణాళికకు అభిశంసన ఇచ్చే ఆచారం సైన్యాలలో తక్కువ. పాఠం నేర్చుకోవడానికి మరికొన్ని ప్రాణాలు పోవలసి వచ్చింది. డిసెంబరు 18న అదే విల్‌హెల్మ్స్‌హాఫెన్ వైపు వెళ్ళి లక్ష్యం చేరిన 22 వెల్లింగ్టన్లలో 12 నేలకూలాయి. అప్పటికి గాని రాత్రిదాడులకు మళ్ళాలన్న ఆలోచన బలపడలేదు. డోరన్ 1940 ఏప్రిల్ 30న నార్వే దాడిలో కూలి జర్మన్లకు బందీ అయ్యాడు.

ప్రపంచమంతటా స్మరించే బాంబుదాడి 1943 మే 16–17 రాత్రి రూర్ లోయ ఆనకట్టలపై జరిగినది. 617వ స్క్వాడ్రన్ నుంచి 19 లాంకాస్టర్లు వెళ్ళగా 8 తిరిగిరాలేదు. 53 మంది వైమానికులు మరణించారు. రెండు ఆనకట్టలు తెగాయి. 1955లో వచ్చిన సినిమా ఆ స్మృతిని ఇంటింటికీ చేర్చింది. వరదలో మరణించిన సుమారు 1,300 మందిలో సగానికి పైగా జర్మనీ బలవంతంగా తెచ్చిన విదేశీ శ్రామికులు, యుద్ధఖైదీలు అన్న సంగతి ఆ స్మృతిలోకి చాలా ఆలస్యంగా ప్రవేశించింది. నష్టశాతం చూస్తే విల్‌హెల్మ్స్‌హాఫెన్ దాడి దీనికి తీసిపోదు. తేడా ఫలితంలో ఉంది. ఆనకట్ట తెగిన దృశ్యం కనిపిస్తుంది. పేలని బాంబు చూపించడానికి దృశ్యమేమీ ఇవ్వదు.

ఈ విషయంలో తెలుగు వీరగాథా సంప్రదాయం భిన్నమైనది. పల్నాటి యుద్ధం గెలుపు కథ కాదు. బొబ్బిలి అంతకన్నా కాదు. కారెంపూడిలో, బొబ్బిలి కోటలో పడిపోయినవారిని పేరుపేరునా తలచుకోవడమే ఆ గాథల ప్రాణం. ఓటమిని స్మరించడానికి తెలుగు ప్రజలు సంకోచించినవారు కారు. కనుక విల్‌హెల్మ్స్‌హాఫెన్ తెలుగులో స్మృతి కాకపోవడానికి దాని వైఫల్యం కారణం కాదు. ఆ చనిపోయినవారు మనవారు కారు, ఆ యుద్ధం మనం ఎంచుకున్నది కాదు అన్నదే కారణం.

అది నిజంగానే ఎంచుకున్నది కాదు. సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం యుద్ధంలో ఉన్నదని ప్రజాప్రతినిధులనెవరినీ సంప్రదించకుండా ప్రకటించాడు. ఆంధ్ర జిల్లాలు ఉన్న మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెసు మంత్రివర్గం దీనికి నిరసనగా ఆ అక్టోబరు చివర రాజీనామా చేసింది. తెలంగాణాలో రాజీనామా చేయడానికి ఎన్నికైన మంత్రివర్గమే లేదు. అక్కడ 1938లో స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహం, ఉస్మానియా విద్యార్థుల వందేమాతరం ఉద్యమం అణచివేతను ఎదుర్కొని ఏడాది గడిచింది. గ్రామాలలో వెట్టి కొనసాగుతున్నది. ఒకే భాష మాట్లాడే ప్రజలు రెండు పాలనల కింద ఉండి ఒకే యుద్ధంలోకి రెండు విధాలుగా లాగబడ్డారు. నిజాం ప్రభుత్వం మళ్ళీ విరాళాలిచ్చింది. స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్, హరికేన్లు నడిపిన 253వ స్క్వాడ్రన్ కూడా హైదరాబాద్ పేరు ధరించి 1940లో బ్రిటన్ గగనతల యుద్ధంలో పోరాడాయి. 152వ దళం నినాదం నిజాం బిరుదమే: విశ్వాసపాత్రుడైన మిత్రుడు.

పేరు కాక మనుషులు:

హైదరాబాద్ అన్న పేరు ఈ దళాలకు కానుక వల్ల వచ్చింది, సభ్యుల పుట్టుక వల్ల కాదు. హైదరాబాదులో పుట్టి యుద్ధవిమానం నడిపినవారు లేకపోలేదు. ఇద్రిస్ హసన్ లతీఫ్ 1923లో అక్కడే జన్మించాడు. 1942లో భారత వైమానికదళంలో చేరి, బ్రిటన్ వెళ్ళి హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలలో శిక్షణ పొంది, తిరిగివచ్చి బర్మా రంగంలో పనిచేశాడు. దేశవిభజన వేళ భారతదేశాన్ని ఎంచుకున్నాడు. 1978 నుంచి 1981 వరకు భారత వైమానికదళాధిపతి. బేగంపేటలో యుద్ధకాలంలో ప్రాథమిక విమానశిక్షణ పాఠశాల నడిచింది. ఈ సమాచారాన్ని, విమానదాన సమాచారాన్ని వేర్వేరు అధ్యాయాలలో ఉంచడం మన చరిత్రరచనకు అలవాటైంది. కలిపి చదివితే ఒక సంగతి తెలుస్తుంది. 1918లో హైదరాబాదు వైమానికయుద్ధంలో తన పేరును మాత్రమే పంపింది. పావు శతాబ్దం గడిచేసరికి మనుషులను పంపడం మొదలుపెట్టింది.

బాంబు కిందనున్న తెలుగు నేల:

విమానం పైనున్నవారి కథ ఇంతవరకు. 1942 ఏప్రిల్ 6న తెలుగు నేల బాంబు కిందికి వచ్చింది. వైస్ అడ్మిరల్ ఒజావా నాయకత్వంలో బంగాళాఖాతంలోకి వచ్చిన జపాను నౌకాదళంలోని ‘ర్యూజో’ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ప్రాణనష్టం స్వల్పమే. కానీ విశాఖలో జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయారు. ఆ వారంలోనే మద్రాసు మీద దాడి ఖాయమన్న భయంతో ప్రభుత్వం నగరాన్ని ఖాళీ చేయించింది. హైకోర్టు కోయంబత్తూరుకు తరలింది. జూలోని క్రూరమృగాలను కాల్చివేశారు.

మద్రాసు నుంచి ఉత్తరంగా స్వగ్రామాలకు మరలిన తెలుగు కుటుంబాల రైలుదారి సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరుల మీదుగానే సాగుతుంది. ఈ ఊళ్ళ మీద బాంబులు పడలేదు. కనుక యుద్ధచరిత్ర వీటిని పట్టించుకోలేదు. అయితే యుద్ధం అంటే బాంబు పడిన చోటు ఒక్కటే కాదు. పట్నం నుంచి వచ్చి బంధువుల ఇంటి వసారాలో నెలల తరబడి ఉండిపోయినవారు, మధ్యలో ఆగిన చదువులు, సందుగపెట్టెలు, రాత్రి దీపాలు కప్పిన ఇళ్ళు, ఇవి కూడా దానిలోని భాగాలే. ఈ అనుభవం అచ్చులో కన్నా కుటుంబాల మాటలలో మిగిలేది. దాన్ని స్వయంగా చూసినవారి వయస్సు నేడు తొంభై దాటి ఉంటుంది. సూళ్ళూరుపేట–గూడూరు ప్రాంత కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు మౌఖిక చరిత్ర ప్రాజెక్టుగా చేపట్టవలసిన పని ఇది. వాయిదా వేయడానికి వీలులేనిది కూడా. దీనికి తోడుగా 1939 సెప్టెంబరు, 1942 ఏప్రిల్ నెలల ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, గోలకొండ పత్రిక సంచికలను వరుసగా చదివితే, ఒకే యుద్ధం మద్రాసులోను హైదరాబాదులోను ఏ మాటలలో వార్త అయిందో తేలుతుంది. బాంబు, స్క్వాడ్రన్, బ్లాకౌట్ వంటి మాటలకు ఆనాటి విలేకరులు ఏ తెలుగు చేశారన్నది భాషాపరిశోధకులకు వేరుగా ఒక అంశమవుతుంది.

విమానం మీది శాసనం:

1942లోనే 110వ స్క్వాడ్రన్ భారతదేశానికి చేరింది. హైదరాబాద్ పేరు పెట్టుకున్న ఇరవైనాలుగేళ్ళకు ఆ పేరున్న దేశానికి రావడం జరిగింది. బ్లెన్‌హైమ్‌లను వదిలి వెంజెన్స్ డైవ్ బాంబర్లు, తరువాత మస్కిటోలు తీసుకుని బర్మా యుద్ధంలో పాల్గొంది. జపాను లొంగుబాటు ప్రకటన తరువాత కూడా బర్మాలోని సిట్టాంగ్ నదికి తూర్పున పోరాటం ఆపని జపాను సైనికుల మీద 1945 ఆగస్టు 20న బాంబులు వేసినది ఈ దళమే. రాయల్ ఎయిర్‌ఫోర్స్ ఆ యుద్ధంలో వేసిన చివరి బాంబులుగా వాటిని లెక్కిస్తారు. తొలి దాడికి ముందు నడిచినదీ, చివరి దాడి చేసినదీ హైదరాబాద్ దళమే అయింది. 1948లో నిజాం పాలన ముగిసింది, 1956లో హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలై మూడు భాషారాష్ట్రాలలో కలిసింది. దళం మాత్రం ఆ పేరుతో సింగపూరు, మలయాలలో రవాణా విమానాలు, హెలికాప్టర్లు నడిపి 1971 ఫిబ్రవరిలో రద్దయింది.

చిత్తూరు ప్రాంతంలో పొలం గట్ల మీద, ఊరి బయట కనిపించే వీరగల్లులను శాసనపరిశోధకులు చదివే పద్ధతి ఒకటుంది. బాణ, నొళంబ, పల్లవుల కాలపు ఆ రాళ్ళ మీద సాధారణంగా ఏలుతున్న రాజు పేరు, పడిపోయిన వీరుని పేరు, ఏ సందర్భంలో పడ్డాడన్నది ఉంటాయి. పశువుల మందను కాపాడుతూ చనిపోయిన మామూలు కాపరి సైతం ఆ రాతి మీద రాజు పక్కన నిలుస్తాడు. 1918 నాటి విమానాల మీది రాతకు ఈ పద్ధతిని అన్వయిస్తే, అందులో రాజు పేరు మాత్రమే ఉన్న సంగతి వెంటనే కంటికి తగులుతుంది. విమానం కూలకముందే రాసినది కనుక పడినవారి పేరు అందులో ఉండే అవకాశమే లేదు. శాసనం ముందు పుట్టి, మరణం తరువాత వచ్చింది.

ఆ విమానాలలో ఒకటి నేటికీ ఉంది. ఎఫ్1010 సంఖ్యగల డి.హెచ్.9ఎను 1918 అక్టోబరు 5న కెప్టెన్ ఇంగ్లిస్, లెఫ్టినెంట్ బాడ్లీ నడుపుతుండగా అది జర్మన్ల నేల మీద దిగిపోయింది. ఇద్దరూ బందీలయ్యారు. జర్మన్లు ఆ విమానాన్ని బెర్లిన్ మ్యూజియంలో ప్రదర్శించారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బాంబుల భయంతో దాన్ని పోలండుకు తరలించారు. తరువాత అది క్రాకోవ్ నగరంలోని మ్యూజియానికి చేరి, 1977లో ఒక స్పిట్‌ఫైర్‌కు బదులుగా ఇంగ్లండుకు తిరిగివచ్చింది. మరమ్మతులు జరిగి లండన్‌లోని హెండన్ వైమానికదళ మ్యూజియానికి చేరిన ఆ విమానం మీద నిజాం కానుక అన్న రాత ఉంది.